కొండెక్కని కొండ సైకిలు

నేను ముప్పై ఆరేళ్లు విజయనగరంలో ఒకే సైకిళ్ల షాపులో పనిచేశాను. పంచర్లు వెయ్యడంతో మొదలై, ఆఖరికి అద్దాల షోరూములో తెల్లచొక్కా తొడుక్కుని గేరు సైకిళ్లు అమ్మేవాడినయ్యాను. పేరు దానియేలు. షాపుకొచ్చే వాళ్లందరికీ మేస్త్రీని.

మొన్నీమధ్య మా చర్చిలో పాటలు పాడే సునీత అనే అమ్మాయికి బొబ్బిలిలో ఒక సైకిళ్ల షోరూములో ఉద్యోగం దొరికింది. ఆరాధన అయ్యాక నా దగ్గరికొచ్చి, "అంకుల్, ఈ పనికి ముందుగా ఏటి నేర్చుకోవాలి?" అని అడిగింది. చైను కొలవడం, రిమ్ము వంకర తియ్యడం, బ్రేకు సర్దడం చెబుదామని నోరు తెరిచి ఊరుకున్నాను. అవి ఆరు నెలల్లో చేతికి వచ్చేస్తాయి. అలా రానిది ఇంకొకటి ఉంది. నాకది పాతికేళ్ల సర్వీసు దాటాక, ఒక నర్సమ్మ చెయ్యి విరిగితే గానీ రాలేదు. సునీత కోసం, ఆమెలాగా ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ల కోసం ఆ సంగతి రాస్తున్నాను.

*స్ప్రింగు నొక్కి అమ్మడం*

మా షావుకారు గున్నేశ్వరరావు గారిది బెల్లం వ్యాపారం చేసిన కుటుంబం. వాళ్ల నాన్నగారి హయాంలో సైకిళ్లలోకి దిగారు. మనిషి మంచివాడే. పండక్కి బట్టలు పెట్టేవాడు, జ్వరమొస్తే మాత్రలు పంపేవాడు. కాకపోతే సైకిల్ని కూడా బెల్లాన్ని చూసినట్టే చూసేవాడు. పైన రంగు బాగుంటే చాలు, సరుకు దానంతటదే అమ్ముడవుతుందని ఆయన నమ్మకం.

గేరు సైకిళ్లు మొదటిసారి అట్టపెట్టెల్లో మా షాపుకి వచ్చిన రోజు నాకింకా గుర్తే. ఒకటి విప్పి బిగించాను. లావుపాటి గొట్టాలు, గడుల టైర్లు, ముందొక స్ప్రింగు, సీటు కింద ఇంకొక స్ప్రింగు, రెండు చక్రాలకీ డిస్కు బ్రేకులు. మోటారు సైకిలు చేసి ఇంజను పెట్టడం మరిచిపోయారేమో అనుకున్నాను. గొట్టం మీద కొండ బొమ్మ, దాని మీదుగా గెంతుతున్న మనిషి బొమ్మ. దానికి మేమే కొండ సైకిలని పేరు పెట్టేశాం.

అమ్మకం విద్య షావుకారే నేర్పాడు. కొనడానికొచ్చిన మనిషి సైకిలు వైపు చూడగానే మనం మాట్లాడకూడదు. సీటు మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కి వదలాలి. స్ప్రింగు కిందకి దిగి పైకి లేస్తుంది. అప్పుడు, "సూసినారా, పట్టుపరుపే" అనాలి. నూటికి ఎనభై బేరాలు అక్కడే కుదిరిపోయేవి.

కాలేజీ కుర్రాళ్లు కొనేవారు, వాళ్ల వాళ్ల వీధుల్లో తిప్పేవారు. గేర్లు ఎవరూ మార్చేవారు కాదు. ఒక రిటైర్డు హెడ్మాస్టరు గారు కొన్న నెల్లాళ్లకి వచ్చి, "ఇందులో ఇరవయ్యొక్క గేర్లున్నాయన్నారు. నేను వాడుతున్నది ఒక్కటే. మిగతా ఇరవై మీరే ఉంచుకుని ఆ మేరకు డబ్బులిచ్చెయ్యండి" అన్నారు. ఆయన హాస్యానికి అనలేదు. షావుకారు కూడా కాసేపు నిజంగానే ఆలోచించి, "ఇరవై గేర్లు ఇడిగా అమ్ముదామంటే కొనీవోడు దొరకడు మాస్టారూ" అన్నాడు.

అలా ఏళ్లు గడిచిపోయాయి. మా దగ్గర కొన్న కొండ సైకిళ్లలో ఒక్కటీ కొండ దగ్గరికి వెళ్లలేదు. అందుకని మేం చెప్పింది తప్పని ఎవరికీ తెలియలేదు. మాకూ తెలియలేదు. మా అబద్ధాలకి ఊళ్లో తారురోడ్లు కాపలా కాశాయి.

*సిస్టరమ్మ బేరం*

ఒక వర్షాకాలం ముగింపులో పైడితల్లి గారు షాపుకి వచ్చారు. నలభై ఏళ్లుంటాయి. పొట్టి మనిషి, గట్టి మనిషి. సాలూరు అవతల కొండల అడుగున ఒక ఊళ్లో నర్సుగా చేస్తారు. ఆ వైపు అందరూ సిస్టరమ్మ అంటారు. వారానికోసారి టీకామందుల పెట్టె భుజాన వేసుకుని కొండల మీద మూడు ఊళ్లకి వెళ్లాలి. ఆటో కొండ కింద ఆగిపోతుంది. అక్కణ్ణుంచి రాళ్లదారి, మధ్యలో ఒక గెడ్డ. గెడ్డంటే మా వైపు కొండవాగు. నడిస్తే ఒక రోజుకి రెండూళ్లే అవుతున్నాయి, మూడో ఊరు మిగిలిపోతోంది.

"స్కూటీ కొనుక్కోవచ్చు కదమ్మా" అన్నాను.

"గెడ్డ కాడ స్కూటీని ఎవుడు లేపుతాడు? సైకిలైతే బుజాన ఏసుకుని దాటీగల్ను. కొండెక్కీ సైకిలు కావాలి. ఎక్కువ పెట్టలేను, పిల్లల ఫీజులున్నాయి."

నేను మాట్లాడకుండా రెండు స్ప్రింగుల సైకిలు దగ్గరికి వెళ్లి సీటు నొక్కి వదిలాను. షావుకారు బల్ల దగ్గర్నుంచి తల ఊపాడు.

ఆవిడ మాత్రం స్ప్రింగు వైపు చూడలేదు, నా వైపు చూశారు. "ఇది కొండెక్కుతాదా?"

"పేరే కొండ సైకిలు కదమ్మా."

"పేరు సంగతి కాదు మేస్త్రీ. నా పేరు పైడితల్లి, అమ్మోరి పేరే, నాకేటి గుడి కట్టినారా? మీరు దీన్ని కొండ మీద తొక్కి సూసినారా?"

"చాలాసార్లు" అన్నాను.

ఒక్క మాట. ఆలోచించి అన్నది కూడా కాదు. కొట్లో నిలబడి నిలబడి నాలుక దానంతటది తిరిగిపోయింది.

ఆవిడ ఎక్కి చూశారు. కాళ్లు నేలకి అందలేదు. ఆ సైజు ఒక్కటే ఉంది మా దగ్గర. సీటు పూర్తిగా దించేశాను. అప్పటికీ మునివేళ్లే తగిలాయి. "అలవాటైపోతుందమ్మా" అన్నాను.

"నాకు అలవాటవతాది గానీ, నా కాళ్లు ఇంక పెరగవు బాబూ" అన్నారు. అయినా కొనుక్కుని వెళ్లారు. నేను తొక్కానని చెప్పాను కదా.

*మూడుసార్లు వచ్చారు*

ఎనిమిదో రోజున సైకిల్ని బస్సు మీద కట్టించుకుని వచ్చారు.

"మేస్త్రీ, ఇది సైకిలా, ఉయ్యేలా? ఎక్కుడులో నాను తొక్కతన్నాను, అది కూకుంటాది, లెగుస్తాది. ముందుకి మాత్రం ఎల్లదు. నా కండంతా ఆ స్ప్రింగే తినేస్తన్నాది."

అది అక్షరాలా నిజమని నాకు తర్వాత తెలిసింది. వెనక స్ప్రింగున్న నాసిరకం సైకిలు ఎక్కుడులో, అంటే ఎత్తుకి తొక్కేటప్పుడు, అలాగే చేస్తుంది. ఆ రోజు మాత్రం పెద్ద స్పానరు తీసి స్ప్రింగుని బిగించగలిగినంత బిగించి, "ఇప్పుడు ఎగురుతుందమ్మా" అన్నాను.

ఇంకో పది రోజులకి రెండోసారి. ఈసారి సైకిలు లేదు. చేతిసంచిలోంచి ఎండుచేపల పొట్లంలాంటిది తీసి అద్దాల బల్ల మీద పెట్టి విప్పారు. లోపల వెనక గేరుంది, ముద్దయిపోయి.

"దీన్నేటంటారు?"

"వెనక గేరమ్మా."

"ఇది ఎక్కడుండాల?"

"చక్రం పక్కన."

"చక్రంలో ఉన్నాది."

గేరు వేలాడే చిన్న ఇనపముక్క రాయికి తగిలి వంగితే, గేరు వెళ్లి చక్రం పుల్లల్లో పడుతుంది. మంచి సైకిలుకి ఆ ముక్క విడిగా ఉంటుంది, విప్పి మార్చుకోవచ్చు. ఈ సైకిలుకి గొట్టంతో కలిపి అతికేశారు. సైకిలు తెప్పించి, సుత్తితో తిన్నగా కొట్టి, కొత్త గేరు షాపు ఖర్చుతో వేసి పంపాను. దాతనైనట్టు కూడా అనిపించింది.

మూడోసారి వచ్చినప్పుడు ఆవిడ ఎడమ చేతికి సిమెంటు కట్టు ఉంది.

దిగుడులో బ్రేకు నొక్కితే పిడి హ్యాండిలుకి అంటుకుపోయిందట గానీ సైకిలు ఆగలేదట. మందుల పెట్టెని కడుపుకి హత్తుకుని పడ్డారు. పెట్టెకేం కాలేదు. మణికట్టు విరిగింది.

కోపం లేదు, కేక లేదు. ఆటోవాడు సైకిలు దింపాక, "దీన్ని తిరగెయ్యండి" అన్నారు. తిరగేశాను. పెడల్లు బిగించే చోట, గొట్టానికి అడుగున, నువ్వుగింజంత అక్షరాలతో ఇంగ్లీషులో ఒక స్టిక్కరుంది. పాతికేళ్లు సైకిళ్లు బిగించినవాణ్ణి, దాన్ని ఎప్పుడూ చదవలేదు. ఆవిడ షావుకారుకి వినపడేలా తెలుగులో చదివారు.

"ఈ సైకిలు మామూలు రోడ్ల మీద మాత్రమే వాడవలెను. రాళ్ల దారుల్లోను, కొండల్లోను వాడరాదు."

షావుకారు బల్ల దగ్గర్నుంచి లేచి వచ్చాడు.

"పడిన కాడ ఎల్లకిలా ఉన్నాను, సైకిలు నా మీదున్నాది. అప్పుడు అగుపడినాది ఇది. దీన్ని సదవాలంటే దీని కిందే పడాల కాబోలు" అన్నారు ఆవిడ.

షావుకారు డబ్బు వెనక్కిస్తానన్నాడు. నా సర్వీసులో ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు. ఆవిడ వద్దన్నారు.

"డబ్బులట్టుకుని కొండెక్కుతానేటి? నాకు సైకిలు కావాల. మేస్త్రీ, ఆ రోజు మిమ్మల్ని ఒక మాట అడిగినాను, గేపకముందా?"

"ఉందమ్మా."

"తొక్కినారా?"

"లేదమ్మా" అన్నాను. నలుగురి ముందు ఆ రెండు ముక్కలు అనడానికి నాకు పట్టిన సమయంలో ఒక ట్యూబు పంచరు వెయ్యొచ్చు.

"అయితే మంగళారం నాతో రండి. ఈ సైకిలుతోనే. కొండ సూసినాక, నాకేది కావాలో మీరే ఎంచండి."

*కొండ*

అప్పటికి నాకు నలభై ఎనిమిదేళ్లు. పొట్ట కూడా ఉంది. బ్రేకు తీగలు కొత్తవి వేసి, అన్నీ బిగించి, తెల్లచొక్కాతోనే బస్సెక్కాను. వేరే చొక్కా వేసుకుంటే ఓడిపోవడానికి సిద్ధపడినట్టుంటుందని.

సిస్టరమ్మ కొండ కింద టీ కొట్టు దగ్గర ఉన్నారు. ఒక చెయ్యి మెడకి కట్టుకుని, రెండో భుజాన మందుల పెట్టె తగిలించుకుని.

"సెలవు పెట్టలేదా అమ్మా?"

"నా బదులు వొచ్చీవోలెవరున్నారు? పదండి."

మొదటి రెండు ఫర్లాంగులు జీడితోటలోంచి చదునైన మట్టిదారి. ఆవిడ నడుస్తున్నారు, నేను తొక్కుకుంటూ ముందుకి పోయాను. ఇంత మాత్రం దారికి అంత గొడవ ఎందుకు చేశారా అనుకున్నాను. తోట అయిపోయింది, దారి పైకి తిరిగింది.

గేర్ల గురించి నాకు బాగా తెలుసు. స్టాండు మీద చక్రం గాల్లో ఉంచి కొన్ని వేల గేర్లు సర్దుంటాను. ఎక్కుడులో, మనిషి బరువుతో, రాళ్ల మధ్య గేరు మార్చడం అంటే ఏమిటో తెలీదు. మార్చాను. చైను కణకణమని జారి కింద పడింది. వేశాను, మళ్లీ పడింది. మూడోసారికి దిగి నెట్టడం మొదలుపెట్టాను. నెడితే ఆ రాళ్లలో చక్రం దొర్లడం లేదు. చివరికి భుజానికెత్తుకున్నాను. నిండు గ్యాసు సిలిండరు మోసినట్టుంది. షోరూములో అదే సైకిల్ని రెండు వేళ్లతో పక్కకి జరిపేవాణ్ణి.

మేకలు కాస్తున్న ఒక ముసలాయన నా వైపే చూస్తూ నిలబడ్డాడు.

"బాబూ, అది పాడైపోనాదేటి?"

"లేదు తాతా, బాగానే ఉంది."

"మరి మోస్తన్నావేటి?"

సైకిల్ని ఇంకో భుజానికి మార్చుకుని నడిచాను. సిస్టరమ్మ ప్రతి మలుపులోనూ ఒక రాయి మీద కూర్చుని నా కోసం చూసేవారు. నేను చేరగానే లేచి మళ్లీ నడిచేవారు. నాకు కూర్చునే అవకాశం ఇవ్వలేదు. "బేగి రండి మేస్త్రీ, మందు సల్లారిపోతే బాగుణ్ను గానీ, యేడెక్కిపోతాది."

మొదటి ఊరు చేరేసరికి ఒక పెద్ద పాక నీడలో పది పన్నెండు మంది తల్లులు పిల్లల్ని ఎత్తుకుని కూర్చున్నారు. వాళ్లలో ఒకమ్మాయి, ఇరవయ్యేళ్లు కూడా ఉండవు, అవతలి కొండ మీది మూడో ఊరి నుంచి నడిచొచ్చిందట. చంకలో మూడు నెలల పిల్ల.

"పోయిన మంగళారం కూడా వొచ్చినాను సిస్టరమ్మా. సూసి సూసి ఎల్లిపోనాను" అంది.

"సెయ్యి ఇరిగిపోనాదే. ఆసుపత్రిలో ఉండిపోనాను" అన్నారు సిస్టరమ్మ. అంతే అన్నారు. ఎలా విరిగిందో చెప్పలేదు. నా వైపు చూడలేదు. చూసినా బాగుండేది.

ఆ ఊరి ఆశా కార్యకర్త మందు ఎక్కించి ఇస్తోంది, సిస్టరమ్మ ఒక్క చేత్తో సూది వేస్తున్నారు, పిల్లల కాళ్లు పట్టుకోవడం నా పని. మూడు నెలల పిల్ల కాళ్లు పట్టుకున్నాను. వెచ్చగా, జీడిపప్పంత వేళ్లతో. సూది గుచ్చగానే ఏడ్చి, నా తెల్లచొక్కా తడిపేసింది. తల్లి కంగారుపడింది. పర్వాలేదన్నాను. ఈ పిల్ల పోయిన వారం ఉత్తపుణ్యానికి ఒక కొండ దిగి ఒక కొండెక్కి తిరిగి వెళ్లిపోయింది, నేను "చాలాసార్లు" అన్న ఒక్క మాటకి.

రెండో ఊరు కూడా అయ్యాక, తిరుగుదారిలో, నెట్టింది చాలు, దిగుడే కదా అని ఎక్కాను. ఆవిడ వద్దనలేదు. వంద గజాలు బాగానే పోయింది. ఆ తర్వాత బ్రేకు నొక్కుతున్నాను, పిడి హ్యాండిలు దాకా వస్తోంది, కొత్త తీగ సాగిపోతోంది, పల్చటి డిస్కు కీచుమంటోంది, సైకిలు మాత్రం తన దారిన తాను పోతోంది. కాళ్లు ఆనించబోతే అందలేదు. నా కాళ్లకి అందాలి. కానీ అంత వంపులో, ఆ రాళ్ల మీద, నాకూ అందలేదు. అలాగే వెళ్లి గెడ్డలో పడ్డాను.

మోకాలి లోతు నీళ్లు. దెబ్బలేం లేవు. వెల్లకిలా పడున్నాను, సైకిలు నా మీదుంది. ముక్కుకి జానెడు దూరంలో స్టిక్కరు.

సిస్టరమ్మ నెమ్మదిగా గట్టు మీదకొచ్చి నిలబడ్డారు. "సదివినారా?"

"చదివానమ్మా" అన్నాను.

*బురద రంగు సైకిలు*

ఆ తర్వాత షోరూములోకి వెళ్లి నిలబడితే నాకు ఏ సైకిలూ మునుపటిలా కనపడలేదు. ప్రతిదాన్నీ ఎత్తి చూశాను. ప్రతిదాని బ్రేకూ నొక్కి, సైకిల్ని ముందుకి తోసి చూశాను. స్ప్రింగులు నొక్కడం మానేశాను.

సునీతా, ఇది గుర్తుపెట్టుకో. తక్కువ ధర సైకిలు చేసేవాడి చేతిలో ఉండే డబ్బు కొంతే. దాన్ని కంటికి కనిపించే వాటి మీద పెట్టొచ్చు, లేకపోతే కాలికీ చేతికీ తెలిసే వాటి మీద పెట్టొచ్చు. రెండూ కుదరవు. రెండు స్ప్రింగులు, రెండు డిస్కులు, మెరిసే రంగు కలిపి అంత తక్కువకి వస్తున్నాయంటే, గొట్టంలోనో బేరింగులోనో బ్రేకులోనో ఆ మేరకు కోసేశారని అర్థం. రాళ్లదారిలో తిరిగే మనిషికి, చేతిలో డబ్బు తక్కువున్నప్పుడు, వెనక స్ప్రింగు అక్కర్లేదు. ముందు స్ప్రింగు కూడా, ఆ ధరలో వచ్చేది, బరువు మొయ్యడం తప్ప ఇంకేం చెయ్యదు. వెడల్పు టైరు వేసి, రాయిలా కాకుండా కాస్త మెత్తగా గాలి పెట్టు. అది సగం కుదుపుని మింగేస్తుంది. మన వాళ్లకి టైరు మోగేలా గాలి కొట్టించుకోవడం ఒక గొప్ప. ఆ గొప్ప కొండ మీద నడుంనొప్పి.

ఇవన్నీ నాకు తెలిశాక అలాంటి సైకిలు కోసం వెతికాను. విశాఖపట్నంలో ఒక డీలరు గోదాములో, మూల, దుమ్ముపట్టి కనపడింది. అల్యూమినియం గొట్టం, చిన్న సైజు. ఎక్కడా స్ప్రింగు లేదు. వెనక పళ్లచక్రాల్లో ఒకటి చిన్న కంచమంత. ఎక్కుడులో అదే దేవుడు. గేరు వేలాడే ముక్క విప్పి మార్చుకునేది. మందుల పెట్టెకి కేరేజీ బిగించుకోవడానికి కన్నాలు కూడా ఉన్నాయి. బ్రేకులు రిమ్ముని పట్టుకునే పాత పద్ధతివే, కానీ పట్టుకుంటే వదలవు. అమ్ముడవకుండా ఎందుకుండిపోయిందంటే, రంగు. పొలంలోంచి అప్పుడే లేచొచ్చిన గేదె రంగు.

షావుకారు దాన్ని చూసి చాలా బాధపడ్డాడు.

"ఒరే దానియేలూ, దీనికి ఎనకాల స్ప్రింగు నేదు, ముందల నేదు, డిస్కు నేదు. రంగు సూస్తే కడుపులో దేవుతన్నాది. ధర సూస్తే దానికన్నా ఒక పిసరు ఎక్కువే. దీన్నెవుడు కొంటాడ్రా?"

"కొండెక్కేవాళ్లు కొంటారండి."

"ఎంతమందున్నార్రా అలగ?"

"మనకి తెలిసి ఒకావిడ."

ఆయన లెక్కల పుస్తకం తెరిచాడు. ఆవిడ పాత సైకిలుకి కట్టిన డబ్బంతా దీనికి జమేసుకుని, తేడా అడగకుండా ఇచ్చెయ్యమన్నాడు. నేను చెప్పాను కదా, మనిషి మంచివాడే.

కట్టు విప్పించుకున్నాక సిస్టరమ్మ వచ్చారు. ఈసారి సీటు మీద కూర్చోబెట్టలేదు. గొట్టానికి అటో కాలు ఇటో కాలు వేసి, చెప్పులు నేలకి ఆనించి నిలబడమన్నాను. గొట్టానికీ మనిషికీ మధ్య నాలుగు వేళ్ల సందుంది. రాళ్లలో ఉన్నపళంగా దిగాల్సొస్తే ప్రాణం కాపాడేది ఆ సందే. తర్వాత బ్రేకు పిడులు ఆవిడ వేళ్లకి అందేలా దగ్గరికి జరిపాను. అలా జరిపే మరమేకు ఒకటుందని తెలిసీ ఇన్నేళ్లలో ఎవరికీ జరపలేదు.

ఆవిడ నన్ను అడగలేదు గానీ నేనే చెప్పాను. "దీన్ని నేను తొక్కానమ్మా. సాలూరు ఘాటురోడ్డు పక్కన మట్టిదారిలో, రెండు ఆదివారాలు. ఒకసారి పడ్డాను. తప్పు నాదే, సైకిలుది కాదు."

"సర్లెండి" అన్నారు.

ఇక మిగిలిన రెండు స్ప్రింగుల సైకిళ్ల సంగతి. నేను ఆ స్టిక్కరు మాటల్ని తెలుగులో, అరచెయ్యంత అక్షరాలతో అట్ట మీద రాసి వాటికి తగిలించాను. "ఈ సైకిలు మామూలు రోడ్ల మీదే. కొండెక్కదు." షావుకారు చూసి మొహం ఎర్రగా చేసుకున్నాడు. రెండు రోజులుంచి చూద్దామని బతిమాలాను.

మొదటి రోజు ఒక కుర్రాడొచ్చి అట్ట చదివి, "నాకు కొండెందుకండి, కాలేజీకే" అని కొనుక్కుపోయాడు. రెండో రోజు ఇద్దరు. వాళ్లలో ఒకాయన, "పోన్లెండి, ఈ షాపులోనన్నా నిజం సెప్పినారు" అని మెచ్చుకున్నాడు కూడా. సాయంత్రం షావుకారు కళ్లజోడు తుడుచుకుంటూ అట్ట వైపు చాలాసేపు చూశాడు.

"నిజం సెప్పినా సరుకు పోతాదని మా నాన్న నాకెప్పుడూ సెప్పలేదురా" అన్నాడు.

అందుకని సునీతా, ఎవరైనా వచ్చి సైకిలు కావాలంటే ముందు సైకిలు చూపించకు. ఎక్కడికి వెళ్తారో అడుగు. ఏ దారిలో, ఏం మోసుకుని, ఎవరి కోసమో అడుగు. తెలియనిది తెలియదని చెప్పు. బేరం పోతుందేమోనని భయపడకు. పోతే పోనీ. పోయే బేరాలు నేను చాలా చూశాను. వాటిలో ఒక్కటీ చేతికి కట్టు కట్టుకుని తిరిగి రాలేదు.

*మంగళవారం*

సిస్టరమ్మ కొత్త సైకిలు మీద మొదటిసారి కొండెక్కే రోజున నేను ఉండబట్టలేక వెళ్లాను. నన్ను పిలవలేదు. సంచిలో స్పానర్లు, రెండు ట్యూబులు, చైను ముక్క, బ్రేకు తీగలు, గేరు ముక్క, అయోడిను సీసా, దూది పెట్టుకున్నాను. కొండ కింద టీ కొట్టు దగ్గరకి చేరేసరికి ఆవిడ అప్పటికే పైకి వెళ్లిపోయారని మట్టిలో టైరు గుర్తులు చెప్పాయి.

కూర్చున్నాను. టీ కొట్టావిడ అప్పలనరసమ్మ మొదటి టీ ఇచ్చి, "ఎవురి కోసం?" అంది. చెప్పాను. రెండో టీ ఇచ్చి, "ఆవిడేటైనా బాకీనా?" అంది. కాదన్నాను. మూడో టీకి ఏమీ అడగలేదు, పిచ్చివాణ్ణని తేల్చుకున్నట్టుంది. పైన ఎక్కడ రాయి దొర్లినా నేను సంచి పట్టుకుని లేచి నిలబడుతున్నాను. రెండుసార్లు మేకలు దిగాయి.

పదిన్నర దాటాక జీడితోటలో టైర్ల చప్పుడు వినపడింది. నిలబడ్డాను. ఆవిడ వస్తున్నారు. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, సీటు మీంచి కాస్త లేచి, పెట్టె వెనక కేరేజీ మీద. మొహమంతా చెమట, కాళ్లకి గెడ్డ బురద. రెండు వేళ్లు బ్రేకు పిడుల మీదున్నాయి. టీ కొట్టు ముందు మలుపులో వేగం తగ్గించారు. ఆగుతారనుకుని సంచి కింద పెట్టి ముందుకెళ్లాను. సైకిలు ఎలా ఉందో, గేరు ఎలా పడుతోందో, చెయ్యి నొప్పెడుతోందో ఏమో చెబుతారని.

"మేస్త్రీ, ఇంకా ఇక్కడే ఉన్నారేటి?" అన్నారు. "బేగి ఎల్లండి, బస్సెల్లిపోతాది. రెండూళ్లయినాయి, నాకు ఇంకో ఊరున్నాది."

ఆగలేదు. అవతలి కొండ వైపు డొంకలోకి తిరిగి, గేరు మార్చుకుని తొక్కుకుంటూ పోయారు. చైను పడలేదు. సైకిలు గురించి ఒక్క మాట కూడా అనలేదు.

అప్పలనరసమ్మ గ్లాసు అందుకుంటూ, "మూడు టీలు తాగి కూకున్నావు, నీతో సరిగ్గా మాటాడనే నేదు" అంది.

"సైకిలు బాగుంటే మాట్లాడరు" అన్నాను. ఇంకో టీ అడిగాను, ఈసారి కూర్చుని తాగాను. సంచి ముడి విప్పకుండానే బస్సెక్కాను.